గరాజ్‌లో ఎనిమిది బస్తాలు

హైదరాబాద్,
28 జూలై 2023

చిట్టితల్లీ,

నిన్న వీడియో కాల్‌లో మీ డల్లాస్ ఇంటి గరాజ్ చూపించావు కదా, ఎనిమిది బస్తాల సోనా మసూరి! నీ గొంతులో టెన్షన్ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్లు కిరాణా కొట్టు నడిపినవాణ్ణి, నాలుగు మాటలు చెబుతాను.

20వ తేదీన ప్రభుత్వం ఆపింది బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని. బాస్మతి, ఉప్పుడు బియ్యం వస్తూనే ఉంటాయి. అప్పటికే ఓడకెక్కుతున్న తెల్ల బియ్యాన్నీ వదిలేశారు. మరి అక్కడ షాపులు ఖాళీ ఎందుకయ్యాయంటావా? ఏ కొట్టువాడూ ఊరందరికీ ఆర్నెల్ల సరుకు దించుకోడమ్మా. అందరూ ఒక్క సాయంత్రమే ఎగబడితే ఎంత సరుకైనా ఆగదు.

2016 నవంబర్ 11 గుర్తుందా? పెద్ద నోట్లు రద్దయి మూడు రోజులు. ఉప్పు దొరకదట అని పుకారు లేచింది. చీకటి పడేసరికి కొట్టు ముందు నిలబడే చోటు లేదు. మన దేశపు ఉప్పులో ముప్పావు వంతు గుజరాత్‌దే, అక్కడ ఏమీ కాలేదని నాకు తెలుసు. అయినా ఒకాయన ఇరవై ప్యాకెట్లు అడిగితే ఇచ్చేశాను. ఆఖరున, ఇళ్లలో పని చేసుకునే ఒకావిడ కొంగుముడి విప్పి, చిల్లర లెక్కపెట్టి, ఒక్క ప్యాకెట్ అడిగింది. లేదు. మీ పెద్దమ్మ వంటింటి డబ్బాలోంచి ఉప్పు తీసి పొట్లం కట్టి ఇచ్చింది. వారం తిరక్కుండా ఆ ఇరవై ప్యాకెట్లాయన వాటిని వాపసు తీసుకోమని వచ్చాడు. ఆ తర్వాత కొరత మాట వినిపిస్తే చాలు, ఎంత కావలసినవాళ్లకైనా రెండుకు మించి ఇవ్వలేదు.

నువ్వు రేపు ఒక పని చెయ్యి. రోజుకు వండే బియ్యం తూచు. మీ నలుగురికీ మూడు వందల గ్రాములనుకుంటే, తొమ్మిది కిలోల బస్తా నెల వస్తుంది. అంటే ఎనిమిది నెలల తిండి ఆ ఎండ వేడిలో పెట్టావు. ముక్కపురుగుకు అంతకంటే ఏం కావాలి? రెండు బస్తాలు ఇంట్లోకి తెచ్చి, గాలి చొరని డబ్బాల్లో పొయ్యి. అవి అయ్యేదాకా షాపు వైపు వెళ్లకు, వాట్సాప్‌లో ధరల మెసేజ్‌లు ఎవరికీ పంపకు.

ఆగస్టులో చదువులకు మన పిల్లలు అక్కడ దిగుతారు. కొత్త ఊరు, చేతిలో లెక్కపెట్టుకున్న డాలర్లు. మిగిలిన బస్తాలు వాళ్లకివ్వు. డబ్బు ఇస్తామంటే నువ్వు కొన్న ధరే తీసుకో.

నీ పెదనాన్న