టెక్ సందేహాలు: ఏబీఎస్ బండికి బ్రేక్ ఆయిల్ ఇంట్లో మార్చుకోవచ్చా?

ప్రశ్న: నాది 350 సీసీ బైక్. ముందూ వెనకా డిస్క్ బ్రేకులు, డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా రెండు చక్రాలూ లాక్ కాకుండా చూసే ఏర్పాటు). కొని మూడేళ్లు దాటింది, బ్రేక్ ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు. ఇప్పుడది డికాషన్ రంగులోకి వచ్చింది. ఏబీఎస్ లేని పాత బండికి నేనే మార్చుకునేవాణ్ని. దీనికి కంప్యూటర్ పెట్టి తీయాలని, ఇంట్లో ముట్టుకుంటే ఏబీఎస్ పాడవుతుందని మా వీధి మెకానిక్ అంటున్నారు. నిజమేనా?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: టెన్షన్ పడకండి, మీరే మార్చుకోవచ్చు. కంప్యూటర్ అవసరమయ్యేది ఏబీఎస్ యూనిట్ లోపల గాలి ఇరుక్కున్నప్పుడు, లేదా ఆ యూనిట్‌నే మార్చినప్పుడు. పాత ఆయిల్ తీసి కొత్తది ఎక్కించడానికి మీకు తెలిసిన పద్ధతే చాలు.

లోపల జరిగేది తెలిస్తే భయం పోతుంది. లీవర్ నొక్కగానే, ఆ నొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్‌లోని ఆయిల్ ఏబీఎస్ యూనిట్‌లోని ఒక వాల్వు గుండా, చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్‌కు చేరుతుంది. మామూలుగా ఆ వాల్వు తెరిచే ఉంటుంది. చక్రం లాక్ కాబోతోందని సెన్సర్ పసిగట్టినప్పుడే అది మూసుకుంటుంది. అప్పుడు పక్కనున్న రెండో వాల్వు తెరుచుకుని కాస్త ఆయిల్‌ను ఒక చిన్న అరలోకి వదులుతుంది, పంపు దాన్ని మళ్లీ వెనక్కి తోస్తుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి బండి స్టాండు వేసినప్పుడు ఈ రెండో దారి మూసే ఉంటుంది కాబట్టి మీరు ఎక్కించే కొత్త ఆయిల్ మొదటి దారిలోనే వెళ్లిపోతుంది. ఆ అరలో కొద్దిగా పాత ఆయిల్ మిగులుతుంది, దానివల్ల బ్రేకు తగ్గదు. బ్రేకు ఒత్తిడిని మోటారుతో పెంచే సర్వో పంపుతో వచ్చిన పాత బీఎండబ్ల్యూలకు, ముందూ వెనకా బ్రేకులు కలిసి పనిచేసే కొన్ని బండ్లకు మాత్రం పద్ధతి వేరు. అవి ఉన్నవాళ్లు మాన్యువల్ చూడకుండా మొదలుపెట్టొద్దు.

నా అభిప్రాయంలో ఏబీఎస్ ఉన్న బండికి బ్రేక్ ఆయిల్‌ను ఇంకా శ్రద్ధగా, వేళకు మార్చాలి. ఈ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 గ్రేడు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో వెనక మనిషిని, లగేజీని పెట్టుకుని బ్రేకు మీదే దిగుతుంటే డిస్కు, ప్యాడ్లు బాగా కాలతాయి. ఆ వేడికి కాలిపర్‌లోని తేమ ఆవిరైతే లీవర్ నొక్కినా ఒత్తిడి చక్రానికి చేరదు. సరిగ్గా మలుపులో లీవర్ గ్రిప్‌కు ఆనుకుపోతుంది. అదే తేమ ఏబీఎస్ యూనిట్‌లోని సన్నని వాల్వులకు తుప్పు కూడా పట్టిస్తుంది. సీసా ఆయిల్ ఖర్చుకీ కొత్త యూనిట్ ఖర్చుకీ పోలికే లేదు. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. ఆ తొలి బండ్లలో అసలు ఆయిలే మార్చనివి ఇంకా తిరుగుతున్నాయంటే నాకు ఆందోళనగా ఉంటుంది. చాలా కంపెనీల మాన్యువళ్లు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మీరు వెంటనే మార్చండి.

ఇక పని సంగతి. రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ ఉండే చిన్న డబ్బా) మూత మీద ఏ గ్రేడు రాసి ఉంటే అదే కొనండి, మన బండ్లకు ఎక్కువగా డాట్ 4. సీలు తీయని 250 మిల్లీలీటర్ల సీసా ముందు, వెనక రెండింటికీ సాధారణంగా సరిపోతుంది. బ్లీడింగ్ నిపుల్‌కు (కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న బోలు మరకు) సరిపోయే రింగ్ స్పానర్ (చాలా బండ్లకు 8 ఎంఎం, కొన్నింటికి 11), నిపుల్‌కు బిగుతుగా పట్టే పారదర్శక గొట్టం, ఖాళీ సీసా, సిరంజి, పాత గుడ్డలు దగ్గర పెట్టుకోండి. ఈ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది. ట్యాంకు మీద, మడ్‌గార్డు మీద గుడ్డ కప్పి, పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండి. చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి, తుడిస్తే చాలదు.

రిజర్వాయర్ సమంగా ఉండేలా హ్యాండిల్ తిప్పి మూత తీయండి. మూత స్క్రూలు మెత్తటివి. సరిపోయే స్క్రూడ్రైవర్‌ను గట్టిగా అదిమి తిప్పకపోతే తల అరిగిపోతుంది. పాత ఆయిల్‌ను సిరంజితో చాలావరకు లాగేసి, అడుగు రంధ్రం బయటపడకముందే కొత్తది నింపండి. తర్వాత కాలిపర్ నిపుల్‌కు ముందు స్పానర్ తొడిగి, దానిపై గొట్టం పెట్టి, రెండో కొసను కొద్దిగా ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లీవర్ నొక్కి పట్టుకోండి. నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ గొట్టంలోకి రాగానే బిగించండి. ఆ తర్వాతే లీవర్ వదలండి. ఈ వరస తప్పితే గొట్టంలోంచి గాలి లోపలికి వెనక్కి లాగేస్తుంది. పాత బండ్లకు లీవర్‌ను గ్రిప్ దాకా లాగకుండా మధ్యలో చిన్న చెక్క ముక్క అడ్డం పెట్టండి. సిలిండర్‌లో ఎప్పుడూ నడవని చోట పేరుకున్న మురికి మీదుగా రబ్బరు సీలు వెళ్తే అది కోసుకుపోతుంది.

మూడు నాలుగు సార్లు నొక్కాక తప్పకుండా రిజర్వాయర్ చూడండి. ఏబీఎస్ బండికి అసలు జాగ్రత్త ఇక్కడే. ఆయిల్ మట్టం కింది గీత దాటితే మాస్టర్ సిలిండర్ గాలి మింగుతుంది, ఆ గాలి యూనిట్‌లోకి చేరితే మీ మెకానిక్ చెప్పిన కంప్యూటర్ అవసరం నిజంగానే రావచ్చు. మనిషి సాయం ఉంటే ఒకరు లీవర్ దగ్గర ఉండి మట్టం మీదే కళ్లు పెట్టాలి. గొట్టంలో డికాషన్ రంగు పోయి, సీసాలో ఉన్నంత తేటగా, బుడగ లేకుండా వస్తే ఆ చక్రం పని అయిపోయినట్టే. వాక్యూమ్ పంపుతో లాగేవాళ్లకు బుడగలు ఆగకుండా కనిపిస్తాయి. అవి చాలాసార్లు నిపుల్ మర చుట్ల సందుల్లోంచి వచ్చే గాలే, లోపలివి కావు.

నిపుల్‌ను అతిగా బిగించొద్దు, బోలుగా ఉంటుంది కాబట్టి విరుగుతుంది. ఆయిల్ పై గీత దాటకుండా మూత పెట్టి, వెనక బ్రేకుకూ ఇలాగే చేయండి. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఏబీఎస్ లైటు వెలిగి, బండి కదిలాక ఆరాలి. ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి బ్రేకు పరీక్షించండి. లీవర్ మెత్తగా ఉంటే రోడ్డెక్కవద్దు. ఇంకోసారి ఇదే వరసలో గాలి తీయండి. అయినా గట్టిపడకపోతే బండిని వ్యాన్‌లో సర్వీస్ సెంటర్‌కు పంపండి.

ప్రశ్న: షాపులో డాట్ 5 ఇచ్చారు. డాట్ 4 కన్నా మంచిదేగా?

జవాబు: వాడొద్దు, తిరిగి ఇచ్చేయండి. డాట్ 5 సిలికాన్ రకం. డాట్ 4తో కలవదు, గాలి బుడగలను పట్టి ఉంచుతుంది, ఏబీఎస్‌కు పనికిరాదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 లాంటి గ్లైకాల్ రకమే. అంకె దగ్గరగా ఉంది కదా అని షాపులోనూ పొరపడతారు, సీసా చదివి తీసుకోండి.

ప్రశ్న: తేమ చూపించే పెన్ టెస్టర్ కొంటే మార్చాల్సిన సమయం తెలుస్తుందా?

జవాబు: ఆ పెన్ను ఆయిల్‌లో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి తేమను అంచనా వేస్తుంది. ఆయిల్ రకాన్ని బట్టి రీడింగ్ మారుతుంది. పైగా మీరు ముంచేది రిజర్వాయర్‌లో, వేడెక్కేది కాలిపర్‌లోని ఆయిల్. తేదీ రాసుకుని రెండేళ్లకు మార్చేయడమే నయం. సీసాలో మిగిలిన ఆయిల్‌ను వచ్చేసారికి దాచుకోవద్దు, మూత తీసినప్పటి నుంచే అది తేమ పీలుస్తుంది. పాతదాన్ని కాలువలో పోయకుండా వేరే సీసాలో పట్టి, పేరు రాసి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ఇంజిన్ ఆయిల్‌తో కలపకండి.