పాత తెలుగు బులెటిన్ బోర్డును ఫోనులో చదివేలా మార్చాలంటే యాప్ చేయించాలా?

మీరు అడిగింది ఇది కదా: 2004లో, చర్చావేదికలు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన పీహెచ్‌పీబీబీ రెండో వెర్షన్ మీద పెట్టిన తెలుగు బోర్డు ఇప్పుడు మీ చేతికి వచ్చింది. ఫోనులో అక్షరాలు చీమల తలకాయల్లా కనిపిస్తున్నాయని సభ్యులు వాట్సాప్ బాట పట్టారు. యాప్ చేయిస్తే తిరిగి వస్తారా?

యాప్ వద్దండి. పద్యాల మీద చర్చలు జరిగే ఇలాంటి బోర్డునే నేను చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను, ఈ మార్పులన్నీ దాని మీద చేసినవే. కొత్తవాళ్లు మన దగ్గరికి వచ్చేది యాప్ స్టోర్ నుంచి కాదు. గూగుల్‌లో ఏదో వెతుకుతుంటే పదిహేనేళ్ల నాటి జవాబొకటి తగిలి వస్తారు. ఆ లింకు నొక్కగానే తెరుచుకుని, చదవడానికి వీలుగా ఉంటే చాలు. ముందు యాప్ దించుకోమంటే అటునుంచి అటే పోతారు. పైగా జీతం లేకుండా బోర్డు నడిపే మనకు రెండు రకాల ఫోన్లకూ యాప్ చేయించి, దాన్ని ఏటా సరిదిద్దించే ఓపిక ఎక్కడిది?

రంగులూ హంగులూ తరవాత. ముందు డేటాబేస్ తెరిచి చూడండి. ఇంగ్లీషు భాషా ప్యాక్‌తో నడిచిన ఆనాటి బోర్డుల పేజీలు, అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూనికోడ్‌లో ఉండేవి కావు. అందుకని సభ్యుడు తెలుగులో రాస్తే బ్రౌజరు ప్రతి అక్షరాన్నీ అంకెల సంకేతంగా మార్చి పంపేది. ‘త’ అని కొడితే లోపల చేరేది త అనే ఏడు గుర్తులు. తెర మీద మళ్లీ ‘త’గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అయితే శీర్షికకు ఇచ్చిన చోటు 60 గుర్తులే. గుణింతానికీ పొల్లుకూ కూడా విడివిడిగా సంకేతాలు పడతాయి కనుక ఎనిమిదింటితోనే ఆ చోటు నిండిపోతుంది. ‘శార్దూలవిక్రీడితం’ అని శీర్షిక పెడితే లోపల మిగిలేది ‘శార్దూలవ’, దాని పక్కన తెగిపోయిన  ముక్క. మా బోర్డులో తెలుగు శీర్షికలన్నీ ఇలా మొండెంలేని తలలే. తెలుగు మాట ఇచ్చి వెతికితే ఏమీ దొరక్కపోవడానికీ ఇదే మూలం.

అందువల్ల మొదటి పని, డేటాబేస్ నకలు మీద ఈ సంకేతాలన్నిటినీ అసలు అక్షరాలుగా మార్చడం. చిన్న స్క్రిప్టు చాలు. తెగిన శీర్షికలను మాత్రం చేత్తోనే దిద్దాలి. పాత సభ్యులకు తలా కాసిన్ని పంచండి, సంతోషంగా చేస్తారు.

తరవాత పీహెచ్‌పీబీబీ 3.3కి ఎక్కించండి. 2007 డిసెంబరులో వచ్చిన 3.0 నుంచి అది యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8లోనే నడుస్తోంది. 2014 నాటి 3.1 నుంచి దాని మామూలు రూపమే తెర వెడల్పుకు సర్దుకుంటుంది. రెండో వెర్షన్ నుంచి మారే సాధనం ఇన్‌స్టాలర్‌లోనే ఉంది. ఒక్కో చర్చకు ఉన్న గుర్తింపు సంఖ్య మారదు కాబట్టి ఎక్కడెక్కడో ఉన్న పాత లింకులు బతికే ఉంటాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. డిస్కోర్స్ అనే మరో చర్చావేదిక సాఫ్ట్‌వేర్ ఫోనులో బాగుంటుంది, కాదనను. కానీ దానికి కనీసం 1 జీబీ మెమరీతో సొంత సర్వర్ కావాలి, ప్రతి పాత చిరునామాకూ కొత్త చిరునామాకు పంపే 301 దారి మళ్లింపు పెట్టుకోవాలి. ‘మూడో పేజీలో రాశాను చూడండి’ అనే పెద్దలకు పేజీలే లేని అంతులేని జాబితా నచ్చదు కూడా.

ఇక తెలుగుకు కావలసిన సర్దుబాట్లు. పాత రూపాలు 10, 12 పిక్సెళ్ల ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. తెలుగు వత్తులు కిందికి దిగుతాయి, వరుసల మధ్య ఎడం చాలకపోతే కింది వరుసలోని గుడిని తగులుతాయి. అక్షరం 17 పిక్సెళ్లు, వరుస ఎత్తు దానికి 1.7 రెట్లు పెడితే నాకు కుదిరింది. రాసే పెట్టెలో అక్షరం 16కు తగ్గనివ్వకండి. తగ్గితే ఐఫోనులో వేలు పెట్టగానే పేజీ ఉబ్బి పక్కకు జరుగుతుంది.

పద్యాలుంటే ఇంకో తిప్పలు. మత్తేభం పాదానికి 20 అక్షరాలు, అవి ఫోను వెడల్పులో పట్టవు. చివరి మూడు నాలుగు అక్షరాలు కిందికి జారి వేరే పాదంలా కనిపిస్తాయి, చూసేవాడు ప్రాస తప్పిందనుకుంటాడు. ప్రతి పాదాన్నీ విడి వరుసగా పెట్టి, జారిన భాగం కాస్త లోపలికి జరిగి మొదలయ్యేలా, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో చెప్పాలి. సంతకాల కింద పెట్టుకున్న బొమ్మలను మాత్రం ఫోనులో దాచేయండి, ఎవరేమనుకున్నా సరే.

ఇవన్నీ నిదానంగా చేసుకోవచ్చు, బ్యాకప్ మాత్రం ఈ రోజే తీయండి. బోర్డు నడిచే ప్రోగ్రామింగు భాషలో 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7, మీ రెండో వెర్షన్ డేటాబేస్‌తో మాట్లాడటానికి వాడే పాత మైఎస్‌క్యూఎల్ ఆదేశాలను తీసేసింది. సర్వర్ వాళ్లు పీహెచ్‌పీని పైకి మార్చిన రోజున మీ బోర్డు ఆగిపోతుంది. అందులోని సభ్యుల సంకేతపదాలు (పాస్‌వర్డులు) కూడా ఎండీ5 అనే పాత పద్ధతిలో, ఉప్పు (విడిగా చేర్చే యాదృచ్ఛిక అక్షరాలు) కలపకుండా దాచి ఉన్నాయి, తేలిగ్గా బయటపడతాయి, కాబట్టి మారగానే అందరినీ కొత్తవి పెట్టుకోమనండి.

వాట్సాప్‌తో పోటీ పెట్టుకోకండి. మా వాట్సాప్ గుంపులో ఎవరైనా మంచి ప్రశ్న అడిగితే దాన్ని బోర్డులో చర్చగా తెరిచి, లింకు గుంపులో పెడుతున్నాను. జవాబులు ఎక్కువగా బోర్డులోనే, ఫోనుల నుంచే వస్తున్నాయి.