తీపి మానేస్తే క్యాన్సర్ గడ్డ ఎండిపోతుందా?

మీ అమ్మగారికి లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) అని, పెట్ స్కాన్‌లో గడ్డలు చక్కెరను పీల్చుకుంటున్నట్టు తేలిందని, అప్పటినుంచి ఆవిడ తీపితో పాటు అన్నం కూడా మానేశారని రాశారు. దీనికీ ఎంజైములకూ (ఒంట్లో రసాయన మార్పులు జరిపించే ప్రొటీన్లకూ) సంబంధమేమిటని అడిగారు. నేను పెట్ స్కాన్ విభాగంలో టెక్నాలజిస్టుని. స్కాన్‌కి వచ్చేవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్నే ఇది.

మేం చేసేది ఇదీ. ఏమీ తినకుండా రమ్మంటాం. వేలి చివర షుగర్ చూసి ఎఫ్‌డీజీ ఇంజెక్షన్ ఇస్తాం. అది గ్లూకోజ్ లాంటిదే, కాకపోతే రేడియోధార్మికత ఉన్న ఫ్లోరిన్-18 అతికించి ఉంటుంది. తరవాత దాదాపు గంటసేపు కదలకుండా పడుకోమంటాం. అటూ ఇటూ తిరిగితే కండరాలే మందును లాగేసుకుంటాయి. కణంలోకి వెళ్లిన ఎఫ్‌డీజీకి హెక్సోకైనేజ్ అనే ఎంజైము ఫాస్ఫేట్‌ని తగిలిస్తుంది. మామూలు గ్లూకోజ్ అయితే అక్కడినుంచి ముందుకు సాగిపోతుంది. ఎఫ్‌డీజీ సాగలేదు, లోపలే చిక్కుకుంటుంది. చాలా గడ్డల్లో హెక్సోకైనేజ్ ఎక్కువగా ఉంటుంది, అందుకే అవి స్కాన్‌లో మెరుస్తాయి. మెదడు కూడా మెరుస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ మనిషి అప్పటికే ఆరు గంటలుగా పస్తుంటాడు. అయినా గడ్డ మెరుస్తూనే ఉంటుంది! మనం తినకపోయినా కాలేయం రక్తంలో గ్లూకోజ్‌ను పడిపోనివ్వదు. పస్తు సాగితే కండను కరిగించి మరీ తయారుచేస్తుంది. అంటే కడుపు మాడ్చుకుంటే చిక్కిపోయేది మీ అమ్మగారే. పైగా చాలా గడ్డలు గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని కూడా వాడుకుంటాయి.

ఆక్సిజన్ ఉన్నా క్యాన్సర్ కణం గ్లూకోజ్‌ను పూర్తిగా మండించకుండా లాక్టేట్ అనే పదార్థంగా మార్చి వదిలేస్తుందని 1920లలోనే జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ గమనించారు. శక్తి తక్కువొచ్చినా, కొత్త కణాలు కట్టడానికి కావలసిన ముడిసరుకు ఆ దారిలో దొరుకుతుంది. లాక్టేట్‌ను తయారుచేసే ఎంజైము ఎల్‌డీహెచ్. అమ్మగారి రక్తపరీక్షల్లో ఆ పేరు ఉంటుంది చూడండి. లింఫోమా తీవ్రతను అంచనా వేయడానికి డాక్టర్లు దాన్ని చూస్తారు, కానీ వేరే కారణాలవల్ల కూడా అది పెరగొచ్చు. లాక్టేట్‌తో పాటు బయటికొచ్చే ఆమ్లం గడ్డ చుట్టూ రోగనిరోధక కణాలను నీరసింపజేస్తుంది, పక్క కణజాలంలోకి చొరబడటానికి తోడ్పడుతుంది. క్యాన్సర్ పాకడంలో ఎంజైముల చెయ్యి అక్కడ కనిపిస్తుంది.

కాబట్టి దెబ్బ కొట్టాల్సింది ఎంజైము మీద, కంచం మీద కాదు. ఆ పని ఎప్పుడో మొదలైంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన ఎమినోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రచురించారు. డీఎన్ఏ తయారీకి అవసరమైన ఒక ఎంజైమును అది అడ్డుకుంటుంది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను కొన్ని లింఫోమాల్లో ఇప్పటికీ వాడుతున్నారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అమ్మగారికి అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. షుగర్ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ చెప్పిన కొలత ప్రకారం. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే వచ్చే స్కాన్‌కి తేదీ తీసుకునేటప్పుడే చెప్పండి. దానివల్ల పేగులు మెరిసి, అక్కడ గడ్డ ఉందో లేదో తేల్చడం కష్టమవుతుంది.