ఆగమన కాలం: గులాబీ కొవ్వొత్తి దొరక్కపోతే

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలుండే ఆగమన కాలానికి గులాబీ రంగు కొవ్వొత్తి దొరకలేదు, స్టీల్ ప్లాంట్ షిఫ్టుల వల్ల రోజూ చర్చిలో పూజకు వెళ్లలేకపోతున్నాను, ఎలా అని అడిగారు కదండీ. కొవ్వొత్తికి టెన్షన్ వద్దు. మేమూ ఒక ఏడాది పూర్ణా మార్కెట్ అంతా తిరిగి, చివరికి ఆదివారానికొకటి చొప్పున నాలుగూ తెల్లవే కొన్నాం. మూడింటికి ఊదా రిబ్బను, ఒకదానికి గులాబీ రిబ్బను చుట్టాం. రిబ్బను బాగా కిందకి కట్టండి, మాది అంటుకోబోయింది! గులాబీది మూడో ఆదివారానిది, ఆనంద ఆదివారం కాబట్టి.

ఇక షిఫ్టు సంగతి. డ్యూటీ నుంచి ఏ వేళకొచ్చినా, అన్నం ముందు కూర్చునేలోపు కొవ్వొత్తి వెలిగించి ఆ రోజు సువిశేషం (బైబిల్లో యేసు గురించిన భాగం) ఇంట్లోవాళ్లకు వినపడేలా చదవండి. పది నిమిషాలు చాలు. పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) మాత్రం డిసెంబర్ 24 దాకా ఆపకండి. ఆ సాయంత్రం లైను చూస్తే మీ నైట్ షిఫ్టు గోవిందా. ముందే ఫాదర్‌గారిని టైము అడగండి, కాదనరు.