బీరువా తాళం తీయండి, ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. చిన్నప్పుడు అన్నం తినడానికి మారాం చేస్తే నా ఫోనులో పౌ ఆట పెట్టి ఇచ్చేదాన్ని. ఇప్పుడు అలాంటి పెంపుడు జంతువు ఆటను సొంతంగా తయారు చేస్తూ అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నాడు. విసిగిపోయి ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను. గేమ్ డిజైన్ కోర్సులో చేరతానంటున్నాడు. అది మంచిదా, బీటెక్ సీఎస్‌ఈ మంచిదా? వాడి నోట్‌బుక్ పేజీ ఫోటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీరు కోర్సు గురించి అడిగారు గాని, మీ ఉత్తరంలో నాకు కనిపించింది పదిహేడేళ్లు వచ్చినా కొడుకు ఇంకా చిన్నపిల్లవాడిలాగే ఉండిపోయాడేమోనన్న భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఆ భయం అక్కర్లేదు. 1996 నవంబరులో జపాన్‌లో బందాయి సంస్థ, తెర మీద పెంపుడు జంతువును పెంచే తమగోచి బొమ్మను విడుదల చేసినప్పుడు దానికున్నవి మూడు బొత్తాలు, 32 × 16 చుక్కల నలుపు తెలుపు తెర మాత్రమే. అయినా దాన్ని పెంచిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా మరిచిపోలేకపోయారు, అభిమానులైన ప్రోగ్రామర్లు దాని లోపలి ప్రోగ్రామును నేటి కంప్యూటర్ల మీద యథాతథంగా నడిపిస్తున్నారు. పౌకు తిండి పెట్టి, స్నానం చేయించి, దీపం ఆర్పి నిద్రపుచ్చడం మీ బాబుకు అలవాటు చేసింది మీ ఫోనే కదా. ఆ ఇష్టాన్ని నేడు తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆ పేజీని నేను రెండుసార్లు చదివాను. నాలుగు గంటలకు ఒక హృదయం (జంతువు బాగోగులు చూపే గుర్తు) తగ్గాలని, ఆటను పది గంటలు మూసి ఉంచితే తెరవగానే రెండు తగ్గి కనబడాలని లెక్క వేసుకున్నాడు. దాని కింద ‘చనిపోవాలి’ అని రాసి కొట్టివేసి, ‘అలగాలి’ అని దిద్దాడు. ఆట మూసి ఉన్నప్పుడు గడిచిన కాలాన్ని పట్టుకోవడం ప్రోగ్రామింగులో అసలైన పని. ఆ దిద్దుబాటు డిజైనరు చేసే పని. ఇవి చూడకుండా తాళం వేయడం మీ పొరపాటు, ఈ మాట కటువుగానే చెబుతున్నాను.

గేమ్ డిజైన్ కోర్సుల మీద మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లు నేర్పి, రంగురంగుల కరపత్రంతో లక్షల ఫీజు అడిగే చోట్లకు మా విద్యార్థులు వెళ్లి, ఏడాదికే తిరిగి వచ్చి నా ముందు కూర్చున్నారు. చేరే ముందు గడిచిన రెండు బ్యాచుల విద్యార్థులతో మీరే మాట్లాడండి, వాళ్లు పూర్తిచేసిన ఆటలు చూపించమనండి. సంస్థ అందుకు తటపటాయిస్తే వెనక్కి వచ్చేయండి. వాడికి లెక్కలో ఆనందం ఉంటే సీఎస్‌ఈ చాలు, ఆటలు చేసే ఉద్యోగానికి ఆ దారి మూసుకుపోదు. బొమ్మ గీయడంలోనే ఆనందం ఉంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో యానిమేషన్ బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ, ఉంది.

మీ బాబుకు ఒక జాగ్రత్త చెప్పండి: అభిమానంతో చేసినదైనా పౌ పేరు, రూపం ఉపయోగించి ఆటను అమ్మకూడదు, అవి వేరొకరి సొత్తు. జంతువుకు సొంత రూపం, సొంత పేరు పెట్టమనండి. ల్యాప్‌టాప్ ఈ రోజే ఇచ్చి, పరీక్షలు అయ్యేదాకా రోజుకు ఒక గంట అని ఇద్దరూ కూర్చుని ఒప్పుకోండి. అలిగిన ఆ జంతువును ఎలా బుజ్జగించాలో ముందుగా మీకే చూపించమని అడగండి.