కంటి జబ్బుల మీద రీసెర్చ్ చేయాలనుకునే అమ్మాయికి ఏం చెప్పాలి?

ఒంగోలులో బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్న మీ అమ్మాయి కంటి జబ్బుల మీద పరిశోధన చేస్తానంటోందని, ఆ దారి ఎలా ఉంటుందని అడిగారు. పద్దెనిమిదేళ్లుగా రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు వెలుతురుని పట్టే పొర, దాని బయోకెమిస్ట్రీలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఆ దారిలోకి పంపించండి.

మాది కందుకూరు దగ్గర పల్లె. మా మేనమామ పొద్దుగూకితే గడప దాటేవాడు కాదు. రేచీకటని అమ్మమ్మ వారం వారం మేక కార్జం, మధ్యలో పొన్నగంటి కూర వండి పెట్టేది. ముప్పై ఏళ్లొచ్చేసరికి మామయ్యకి పగటిపూట కూడా పక్కన నిలబడ్డ మనిషి కనపడడం మానేశాడు. రేచీకటి అంతా ఒక్క రకం కాదని మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు. విటమిన్ ఏ తక్కువై వచ్చేది మందు పడితే త్వరగానే తగ్గుతుంది. మామయ్యది రెటినైటిస్ పిగ్మెంటోసా, రెటీనా కణాలు మెల్లగా చచ్చిపోయే జబ్బు, పుట్టుకతో జీన్లలో వచ్చింది. దానికి కార్జం ఏం చేస్తుంది? అమ్మమ్మా తాతయ్యలది మేనరికం. ఇద్దరికీ చూపు బాగానే ఉండేది, లోపమున్న జీను మాత్రం ఇద్దరి దగ్గరా ఒక్కో కాపీ ఉంది, ఆ రెండూ మామయ్యకొచ్చాయి. మేనరికాలు ఆపండని నేను పెళ్లిళ్లలో కూడా చెప్తాను, ఎవరేమనుకున్నా సరే.

ఇక పని సంగతి. పీహెచ్‌డీ మొదటి ఏడాది సెలవులకి నెల్లూరు వచ్చినప్పుడు, స్టోన్‌హౌస్‌పేటలో మటన్ కొట్టాయన్ని బతిమాలి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లాను. ఆయన బల్బు ఆపి, ఎర్ర కవరు చుట్టిన టార్చి వెలుగులో పొట్టేలు కళ్లు తీసిచ్చాడు. ఐస్ డబ్బాలో పెట్టి, నల్లగుడ్డ చుట్టి, తెలిసిన కాలేజీ ల్యాబుకి పరిగెత్తాను. ఎర్ర లైటు కిందే కన్ను కోసి రెటీనాని గాజు పళ్లెంలోకి తీశాను. కాగిన పాల మీద మీగడంత పల్చటి పొర. ఎర్ర వెలుగులో దాని రంగేమిటో తెలియదు. ట్యూబులైటు వేశాను. గులాబీ రంగు! చూస్తుండగానే పసుపుకి తిరిగి, తర్వాత తెల్లగా పాలిపోయింది. 1876లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంజ్ బోల్ కప్ప కంట్లో చూసిన రంగు అదే, రొడాప్సిన్, వెలుతురుని పట్టే పదార్థం. మన కంట్లో వెలుతురు పడ్డప్పుడల్లా జరిగేది ఇదే. ఆ రోజు తర్వాత నాకు వేరే ఉద్యోగం ఆలోచన రాలేదు.

పాలిపోయిన రంగు మళ్లీ రావాలంటే రెటీనా వెనకున్న నల్లటి కణాల పొర సాయం కావాలి. అక్కడ ఆర్‌పీఈ65 అనే ఎంజైము విటమిన్ ఏని తిరిగి పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. రెటీనాలో విటమిన్ ఏ ఉందని అమెరికా శాస్త్రవేత్త జార్జ్ వాల్డ్ 1933లో కనుక్కున్నాడు, 1967లో నోబెల్ వచ్చింది. ఆర్‌పీఈ65 జీను చెడిపోయినవాళ్లకి జీన్ థెరపీ (మంచి జీను కాపీని కంట్లోకి ఎక్కించే వైద్యం), లక్స్‌టర్నా, అమెరికాలో 2017 డిసెంబరులో ఆమోదం పొందింది. 1933 నుంచి లెక్కేసుకోండి, 84 ఏళ్లు. రెండు కళ్లకీ కలిపి అక్కడ పెట్టిన ధర 8,50,000 డాలర్లు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డబ్బు గురించి కూడా అడిగారు. ఫెలోషిప్ నాకు ఒకసారి ఏడు నెలలు ఆలస్యంగా వచ్చింది, హాస్టల్ మెస్‌కి అప్పు చేశాను. ఇది మారాలి. పిల్లల చేత రాత్రింబవళ్లు పని చేయించుకుని జీతం ఆపడం అన్యాయం.

ఇంకోమాట, మీకు షుగర్ ఉంటే ముందు మీరు రెటీనా పరీక్ష చేయించుకోండి. మన జిల్లాల్లో నెల నెలా షుగర్ టెస్టుకి రక్తం ఇస్తారు గానీ, చుక్కలు వేస్తే బండి నడపలేమని కంటి పరీక్ష మాత్రం మానేస్తారు. చూపు తగ్గినట్టు తెలిసేసరికే లోపల రక్తనాళాలు చాలా దెబ్బతిని ఉంటాయి. ఏడాదికోసారి ఎవరినైనా తోడు తీసుకుని ఆటోలో వెళ్లండి.

మీ అమ్మాయిని ఎమ్మెస్సీలో ఎంజైములు, ప్రొటీన్లు గట్టిగా చదవమనండి. వీలైతే ఒక్క వేసవైనా కంటి ల్యాబులో పని చేయమనండి, తనకి పడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

మామయ్యకి జీన్ టెస్టు చేయించాం. ఆర్‌పీఈ65 కాదు, వేరే జీను, దానికింకా మందు లేదు. ఆయనకిప్పుడు అరవై మూడు. ఆదివారం ఫోన్ చేస్తే మొదట అడిగేది ఒకటే: "కొత్తగా ఏమన్నా కనుక్కున్నారా అబ్బయా?"