పార్టీ పేరులో ‘జాతీయ’ ఉంటే జాతీయ పార్టీ అవుతుందా?

ప్రశ్న: కుషాయిగూడలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. బంధువుల ద్వారా ఒక పార్టీ వాళ్లు పరిచయమయ్యారు. పార్టీ పేరులో ‘జాతీయ’ అని ఉంది, ఎలక్షన్ కమిషన్ ఇచ్చిన సర్టిఫికెట్ కూడా చూపించారు. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఉప్పల్ టికెట్ ఇస్తామని, గుర్తు కూడా తమదేనని అంటున్నారు. పార్టీ ఫండ్‌గా 3 లక్షలకు చెక్కు రాయమన్నారు. అందులో 2 లక్షల 70 వేలు క్యాష్‌గా తిరిగి ఇచ్చేస్తారట, మొత్తం 3 లక్షల మీదా ఇన్‌కంట్యాక్స్ మినహాయింపు వస్తుందట. ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంట్లో వాళ్ల మాటే వినండి. చెక్కు ఇంకా రాయలేదు కాబట్టి తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఆ సర్టిఫికెట్ నిజమైనదే కావచ్చు. అయితే అది చెప్పేది ఒక్కటే. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద ఆ పార్టీ నమోదైంది, అంతే. నమోదు వేరు, గుర్తింపు వేరు. మీకు ట్రేడ్ లైసెన్స్ ఉంటే ప్రెస్ పెట్టుకోవచ్చు. అంతమాత్రాన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల ఆర్డరు చేతికొచ్చినట్టు కాదు కదా! ఓటు హక్కున్న వంద మంది సభ్యులు, 10 వేల ఫీజు, రాజ్యాంగానికి కట్టుబడి ఉంటామనే నియమావళి చూపిస్తే నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

గుర్తింపు మాత్రం ఓట్లతోనే వస్తుంది. దాని లెక్కలన్నీ 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో ఉన్నాయి. తెలంగాణలో 119 అసెంబ్లీ సీట్లు కాబట్టి నాలుగు గెలిస్తే రాష్ట్ర పార్టీ. లేదా 6 శాతం ఓట్లు, ఇద్దరు ఎమ్మెల్యేలు ఉండాలి. ఒక్క సీటూ రాకపోయినా 8 శాతం ఓట్లొస్తే సరిపోతుంది. ఇంకో రెండు దారులు లోక్‌సభ లెక్కల మీద ఉన్నాయి. జాతీయ పార్టీ కావాలంటే నాలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర పార్టీగా గుర్తింపు ఉండాలి. లేదంటే నాలుగు రాష్ట్రాల్లో 6 శాతం ఓట్లతోపాటు నలుగురు ఎంపీలు, అదీ కాకపోతే కనీసం మూడు రాష్ట్రాల నుంచి 11 మంది ఎంపీలు ఉండాలి.

పేరుకు ఇక్కడ విలువ లేదు. టీఆర్ఎస్ 2022 డిసెంబరులో బీఆర్ఎస్ అయింది, పేరులోకి ‘భారత్’ వచ్చింది. నాలుగు నెలలకే, 2023 ఏప్రిల్లో, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న రాష్ట్ర పార్టీ గుర్తింపు కూడా పోయింది. మజ్లిస్ పేరు మొదట్లోనే ‘ఆల్ ఇండియా’ ఉంది, చట్టం దృష్టిలో మాత్రం అది రాష్ట్ర పార్టీ. అదే ఏప్రిల్లో తృణమూల్, ఎన్సీపీలతోపాటు సీపీఐ జాతీయ హోదా కూడా ఊడింది. 1952 నుంచి కంకి కొడవలితో పోటీ చేస్తున్న పార్టీకే ఆ గతి! ఎన్నికల సంఘం చేసిన ఆ సమీక్ష తర్వాత మిగిలిన జాతీయ పార్టీలు ఆరే: బీజేపీ, కాంగ్రెస్, సీపీఎం, బీఎస్పీ, ఆమ్ ఆద్మీ, మేఘాలయలో బలమున్న నేషనల్ పీపుల్స్ పార్టీ. మీవాళ్ల పార్టీ వీటిలో లేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

గుర్తు సంగతికొస్తే, గుర్తింపు లేని పార్టీకి సొంత గుర్తంటూ ఉండదు. జనసేననే చూడండి. 2024 ఎన్నికల నాటికి దానికి గుర్తింపు లేదు. గాజు గ్లాసు ఫ్రీ సింబల్స్ (ఏ పార్టీకీ కేటాయించని గుర్తుల) జాబితాలో ఉండటంతో జనసేన పోటీ చేయని కొన్నిచోట్ల స్వతంత్రులకు ఇచ్చారు. కూటమికి టెన్షన్ పట్టుకుంది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. పోటీ చేసిన 21 అసెంబ్లీ స్థానాలూ గెలిచాక, 2025 జనవరిలో రాష్ట్ర పార్టీ గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఉన్నవాళ్లకూ తలనొప్పులు లేకపోలేదు. రోడ్డు రోలర్, చపాతీ రోలర్ మా కారులాగే కనిపిస్తున్నాయని బీఆర్ఎస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2023 అక్టోబరులో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది.

గుర్తింపు లేని పార్టీ తన అభ్యర్థులందరికీ ఒకే గుర్తు కోరవచ్చు. దానికి ముందుగా దరఖాస్తు చేయాలి, రాష్ట్రంలో కనీసం 5 శాతం సీట్లలో, అంటే మన దగ్గర ఆరు చోట్ల, పోటీ చేయాలి. మిగతా అయిదుగురు ఎవరో వాళ్లను అడిగి చూడండి.

నామినేషన్‌లోనూ తేడా ఉంది. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. మీకైతే పదిమంది కావాలి, పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లయి ఉండాలి. మన ఊళ్లో గల్లీకి అటు ఒక నియోజకవర్గం, ఇటు ఒకటి. పక్కింటాయనే కదా అని సంతకం పెట్టిస్తే స్క్రూటినీలో కాగితం పక్కకు పోతుంది.

ఇక ట్యాక్స్. పార్టీలకిచ్చే విరాళాల మీద, అందరూ 80జీజీసీ అని పిలిచే మినహాయింపుకు పార్టీకి గుర్తింపు అక్కర్లేదు, నమోదు చాలు. ఈ ఒక్క ముక్క మాత్రం వాళ్లు నిజమే చెప్పారు. అయితే డబ్బు క్యాష్‌గా ఇస్తే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం (న్యూ రెజీమ్) ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు. నమోదైన పార్టీల జాబితాలో ఆ పార్టీ ఇంకా ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఆరేళ్లుగా పోటీ చేయలేదని ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో 474 పార్టీలను తీసేసింది.

చెక్కు తీసుకుని క్యాష్ తిరిగి ఇవ్వడమంటే అది విరాళమే కాదు, బోగస్ రసీదు వ్యాపారం. 2025 జూలైలో ఐటీ శాఖ దేశమంతటా ఇలాంటి తప్పుడు క్లెయిముల మీదే సోదాలు చేసింది. పట్టుబడితే పన్ను, వడ్డీతోపాటు ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు పెనాల్టీ పడవచ్చు. పార్టీ వాళ్లు ఆఫీసు ఎత్తేస్తారు, నోటీసు మీ పాన్ నంబరు మీద వస్తుంది.

టికెట్ ఇవ్వకపోతే 3 లక్షలు కోర్టులో రాబట్టుకోవచ్చని మాత్రం అనుకోకండి. టికెట్ కోసం డబ్బు అనే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు నిలవదు, సివిల్ కోర్టు మిమ్మల్నీ తప్పులో భాగస్తుడిగానే చూస్తుంది. జాతీయ పార్టీ అని అబద్ధం చెప్పి డబ్బు లాగితే భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసు పెట్టవచ్చు. వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజీలు డిలీట్ చేయకండి.

మీరు అడగలేదు గానీ, ప్రెస్ అన్నారు కాబట్టి ఇంకో మాట. టికెట్ వద్దంటే కనీసం కరపత్రాలన్నా అచ్చేయమంటారు. ఎన్నికల కరపత్రం, పోస్టరు ఏదైనా ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా దాని మీద ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెబుతోంది. అచ్చు వేయించేవాడు సంతకం చేసి, అతన్ని ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరించిన డిక్లరేషన్ రెండు కాపీలు మీకివ్వాలి. అచ్చయ్యాక డిక్లరేషన్ కాపీ, కరపత్రం కాపీ అధికారులకు పంపాల్సింది మీరే. హైదరాబాద్‌లో వేస్తే రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి, బయటైతే జిల్లా కలెక్టరుకు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, 2 వేల దాకా జరిమానా, లేదా రెండూ. డిక్లరేషన్ చేతికి రాకముందు ప్లేట్ కూడా తీయకండి.